ఓఎస్ మళ్ళీ వేయకండి, ముందు పానిక్ సందేశం చదవండి

ప్రశ్న: ఒక చిన్న సంస్థలో సర్వర్లు చూసుకునే ఉద్యోగం నాది. చేరి ఏడాది కాలేదు. వర్చువల్ మెషీన్లు నడిచే లినక్స్ సర్వర్‌ని కొత్త స్విచ్‌కి మార్చినప్పుడు ఒకే సాయంత్రం నాలుగు మార్పులు చేశాను. వేగం కోసం రెండు నెట్‌వర్క్ కార్డులనూ ఒకే బ్రిడ్జ్‌లో వేశాను. ఒక ప్యాకెట్ గరిష్ఠ పరిమాణమైన ఎంటీయూని 1500 బైట్ల నుంచి 9000కి పెంచాను. నెట్‌వర్క్ పనితీరు పెరుగుతుందంటే కొన్ని సిస్‌సీటీఎల్ విలువలు, అంటే కెర్నల్ సెట్టింగులు, ఉన్నవి ఉన్నట్టు కాపీ చేసుకున్నాను. బ్యాకప్ కోసం ఒక ఎన్ఎఫ్ఎస్ షేర్‌ని (నెట్‌వర్క్ మీద వాడుకునే వేరే యంత్రంలోని ఫోల్డర్‌ని) ఎఫ్‌స్టాబ్‌లో, అంటే బూట్ సమయంలో మౌంట్ చేయాల్సిన వాటి జాబితాలో, రాశాను. అప్పటి నుంచి సర్వర్ ఆగిపోతోంది. ఒకసారి తెర మీద కెర్నల్ పానిక్, అంటే ఓఎస్‌లో ప్రధాన భాగమైన కెర్నల్ తనను తానే ఆపేసుకున్నప్పుడు వచ్చే సందేశం, కనిపించింది. ఇంకోసారి పింగ్‌కి (యంత్రం ఉందా అని పంపే చిన్న ప్యాకెట్‌కి) జవాబిస్తోంది గానీ దూరం నుంచి పనిచేయడానికి వాడే ఎస్ఎస్‌హెచ్‌లో లాగిన్ కావడం లేదు. మరోసారి రీబూట్ చేస్తే మధ్యలో నిలబడిపోయి చాలాసేపటికి గానీ లేవలేదు. నెట్‌వర్క్ సెట్టింగ్ తప్పయితే నెట్‌వర్క్ పోతుంది గానీ ఓఎస్ పడిపోదు, ఇది ర్యామ్ సమస్యే అంటారు మా సీనియర్. ఓఎస్ తీసేసి మళ్ళీ వేయమంటారు మేనేజర్. తప్పు నాదేనేమోనని నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?

సమాధానం:

ఓఎస్ మళ్ళీ వేయకండి. వేస్తే ఇప్పటిదాకా సర్వర్‌లో పోగైన సాక్ష్యమంతా తుడిచిపెట్టుకుపోతుంది. వర్చువల్ మెషీన్లు నడవాలి కాబట్టి ఆ తర్వాత అదే బ్రిడ్జ్, అదే ఎంటీయూ, అవే సిస్‌సీటీఎల్ విలువలు మళ్ళీ పెడతారు. వారం తిరక్కుండా అదే పానిక్ వస్తే అప్పుడు పోల్చి చూసుకోవడానికి పాత లాగ్ కూడా ఉండదు. సర్వర్ త్వరగా నిలబడాలని మీ మేనేజర్ ఆత్రపడటం న్యాయమే. అందుకు దగ్గర దారి ఒకటుంది. ముందు లాగ్‌లన్నీ వేరే చోటికి కాపీ చేయండి. తర్వాత ఆ సాయంత్రం చేసిన నాలుగు మార్పులనూ వెనక్కి తీసుకుని సర్వర్‌ని పాత స్థితిలో నడపండి. పని ఆగదు, మనకు వెతకడానికి వ్యవధి దొరుకుతుంది.

మీ సీనియర్ మాట సగం నిజం. తప్పు విలువ ఇస్తే ఓఎస్ దాన్ని తిరస్కరించాలి, లేదా నెట్‌వర్క్ మాత్రమే పోవాలి, మిగతా వ్యవస్థ చెక్కుచెదరకూడదు. ఉండాల్సిన తీరు అదే. కానీ నెట్‌వర్క్ కార్డు డ్రైవర్, బ్రిడ్జ్, డేటాను నమ్మకంగా చేరవేసే టీసీపీ అన్నీ కెర్నల్ లోపలే ఉంటాయి. బ్రౌజర్‌లో తప్పు జరిగితే బ్రౌజర్ ఒక్కటే మూతపడుతుంది. కెర్నల్‌కి అటువంటి గోడ లేదు. ఇందులోనూ నెట్‌వర్క్‌కి ఒక ప్రత్యేకత ఉంది, అది తెలిస్తే మీ పానిక్ సందేశం సగం అర్థమవుతుంది. లినక్స్‌లో ఏదో ఒక ప్రోగ్రామ్ తరఫున పనిచేస్తుండగా కెర్నల్ తప్పటడుగు వేస్తే మామూలుగా ఆ ప్రోగ్రామ్‌ని చంపేసి ముందుకు సాగుతుంది. దాన్ని ఊప్స్ అంటారు. కార్డు నుంచి వచ్చిన ప్యాకెట్‌ని అందుకునే పని మాత్రం ఏ ప్రోగ్రామ్ తరఫునా జరగదు, ఇంటరప్ట్ సందర్భంలో, సాఫ్ట్ఐఆర్‌క్యూ అనే చోట జరుగుతుంది. అక్కడ తప్పు జరిగితే చంపడానికి ప్రోగ్రామ్ ఉండదు. అందుకే కెర్నల్ తనను తానే ఆపేసుకుంటుంది. తెర మీద చివరి వరుసలో "ఫేటల్ ఎక్సెప్షన్ ఇన్ ఇంటరప్ట్" అని ఉందా? ఉంటే జరిగింది ఇదే. డిస్క్ కోడ్‌లోనో ఫైల్‌సిస్టమ్ కోడ్‌లోనో జరిగితే ఒక ప్రక్రియతో పోయే తప్పు, ప్యాకెట్ అందుకునే దారిలో జరిగితే మొత్తం యంత్రాన్ని కూలుస్తుంది.

మీ సీనియర్‌కి చూపించడానికి ఇంతకన్నా సూటి ఆధారం కావాలంటే ఇంటెల్ వారి ఐఎక్స్‌జీబీఈ అనే 10 గిగాబిట్ కార్డు డ్రైవర్‌తో వచ్చిన పత్రం చదవమనండి. వచ్చిన చిన్న ప్యాకెట్లను కలిపి పెద్దవి చేసే ఎల్ఆర్ఓ అన్న సదుపాయం బ్రిడ్జ్‌తో గానీ రూటింగ్‌తో గానీ అసలు పొసగదనీ, రెండూ కలిపి వాడితే వేగం పడిపోవచ్చనీ, కెర్నల్ పానిక్ కూడా రావచ్చనీ తయారీదారే రాసిపెట్టారు. బ్రిడ్జ్ పెట్టడం తప్పు కాదు, ఎల్ఆర్ఓ వాడటమూ తప్పు కాదు. రెండూ కలిస్తేనే ప్రమాదం. ఇప్పటి కెర్నల్ బ్రిడ్జ్‌లో చేర్చిన కార్డుకి ఎల్ఆర్ఓని తనంతట తనే ఆపేస్తుంది. పాత కెర్నల్, పాత డ్రైవర్ అయితే ఈథ్‌టూల్ అనే కమాండ్‌తో చూసి మీరే ఆపాలి.

అంతా సక్రమంగానే కనిపించే సంఖ్య కూడా కెర్నల్‌ని కూల్చగలదని 2019 జూన్‌లో తేలింది. నెట్‌ఫ్లిక్స్ ఇంజినీర్ జొనాథన్ లూనీ కనిపెట్టిన ఆ లోపానికి శాక్ పానిక్ అని పేరు. టీసీపీలో అవతలి వైపు తనకు ఎంత పెద్ద ముక్కలదాకా పంపవచ్చో చెప్పవచ్చు, దాన్ని ఎంఎస్ఎస్ అంటారు. లినక్స్ 48 బైట్లంత చిన్న పరిమాణానికీ ఒప్పుకునేది. అందులో టీసీపీ ఆప్షన్లకు 40 పోతే డేటాకు మిగిలేది 8 బైట్లు. కెర్నల్‌లో ఒక ప్యాకెట్ నిర్మాణం 17 ముక్కలదాకా, ఒక్కో ముక్కలో 32 కిలోబైట్లదాకా పట్టుకోగలదు. ఆ మొత్తాన్ని 8 బైట్ల చొప్పున కోస్తే 69,632 భాగాలవుతాయి. వాటిని లెక్కపెట్టే గడి 16 బిట్లది, 65,535 దాటి పట్టదు. లెక్క పొంగిపొర్లగానే కెర్నల్ తన సొంత తనిఖీలో విఫలమై పానిక్ అవుతుంది. 2.6.29 నుంచి ఉన్న లోపమిది, అన్నేళ్ళూ ఎవరికీ తగల్లేదు, ఎందుకంటే మామూలుగా ఎవరూ ఎంఎస్ఎస్‌ని 48కి దించరు. బయటివాళ్ళు కావాలని చేయగల దాడి అది, మీకు జరిగింది దాడి అని నేననడం లేదు. నిబంధనల ప్రకారం చెల్లే విలువే అయినా, ఎవరూ నడవని దారిలోకి కెర్నల్‌ని తీసుకెళితే ఏమవుతుందో చెప్పడానికే ఈ లెక్కంతా రాశాను.

పెద్ద సంస్థలకూ ఇది తప్పలేదు. 2022 జులై 8న కెనడాలో రోజర్స్ నెట్‌వర్క్ మొత్తం పడిపోయి కోటీ 20 లక్షల మందికి పైగా వినియోగదారులు ఫోన్, ఇంటర్నెట్ లేకుండా ఉండిపోయారు. రూటర్లలో ఒక వడపోత నియమాన్ని తీసేశారు. దాంతో మార్గాల సమాచారం వరదలా లోపలి ప్రధాన రూటర్ల మీద పడింది. వాటి మెమరీకీ ప్రాసెసర్‌కీ మించిన బరువది, అవి క్రాష్ అయ్యాయి. సెట్టింగ్‌లో ఒక వరుస పోవడం వల్ల యంత్రాలే కుప్పకూలిన ఘటన ఇది. కాబట్టి నెట్‌వర్క్ సెట్టింగ్‌తో ఓఎస్ పడిపోదన్న మాటను ఇక పక్కన పెట్టేయవచ్చు.

ఇక మీ సర్వర్ సంగతి. మీరు మూడు ఘటనలు రాసి మూడింటినీ "ఆగిపోవడం" అన్నారు. నాకు అందులో ఒక్కటే క్రాష్‌లా కనిపిస్తోంది. విడివిడిగా చూద్దాం.

రీబూట్‌లో నిలబడిపోవడం క్రాష్ కాదు, నిరీక్షణ. ఎఫ్‌స్టాబ్‌లో రాసిన ఎన్ఎఫ్ఎస్ షేర్ దొరికేదాకా, లేదా గడువు ముగిసేదాకా, బూట్ ముందుకు పోదు. బూట్‌లో సేవలను లేపే సిస్టమ్‌డీలో ఒక్కో పనికి మామూలు గడువు 90 సెకన్లు, నెట్‌వర్క్ పైకి లేచిందా అని చూసే సేవ సిస్టమ్‌డీ నెట్‌వర్క్‌డీలో అయితే 120 సెకన్లు ఆగుతుంది. రెండు మూడు గడువులు వరసగా పడితే నిమిషాలు గడిచిపోతాయి. బ్రిడ్జ్‌లో ఎస్‌టీపీ (నెట్‌వర్క్‌లో వలయాలను అడ్డుకునే పద్ధతి) ఉంటే పోర్టు తెరుచుకోవడానికే ఇంకో 30 సెకన్లు పడుతుంది. ఆ ఎఫ్‌స్టాబ్ వరుసలో "నోఫెయిల్", "అండర్‌స్కోర్ నెట్‌డెవ్" అన్న రెండు ఆప్షన్లు చేర్చండి. బ్యాకప్ షేర్ లేకపోయినా సర్వర్ లేచి తీరాలి, అది షరతు కాకూడదు. దీని గురించి ఇంతకన్నా ఆలోచించకండి.

పింగ్ వస్తూ లాగిన్ కాకపోవడం ఎక్కువ విషయం చెబుతుంది. పింగ్‌కి జవాబిచ్చేది కెర్నలే, దానికి ఏ ప్రోగ్రామూ అక్కర్లేదు. అంటే ఆ క్షణాన కెర్నల్ బతికే ఉంది, పైన నడవాల్సిన ప్రోగ్రామ్‌లు కదలడం లేదు. కారణాలు రెండు. మెమరీ అయిపోయి ఉండాలి, లేదా ఆ ప్రోగ్రామ్‌లు ఎక్కడో ఇరుక్కుని ఉండాలి. ఇరుక్కోవడానికి మీ మార్పుల్లోనే ఒక చక్కటి గొలుసు ఉంది. సర్వర్‌లో 9000, ఎన్ఎఫ్ఎస్ పెట్టెలో 9000, మధ్యలో కొత్త స్విచ్ పోర్టులో 1500 ఉందనుకోండి. చిన్న ప్యాకెట్లన్నీ వెళతాయి. పింగ్ వెళుతుంది, షేర్ మౌంట్ అవుతుంది, చిన్న ఫోల్డర్ తెరుచుకుంటుంది. బ్యాకప్ మొదలై నిండు ఫ్రేమ్‌లు బయలుదేరగానే స్విచ్ వాటిని చప్పుడు చేయకుండా పారేస్తుంది. ఎన్ఎఫ్ఎస్ హార్డ్ మౌంట్ అయితే ఓటమి ఒప్పుకోదు, జవాబు కోసం ఎంతసేపైనా ఆగుతుంది. లాగిన్ సమయంలో డిస్క్ ఖాళీ ఎంతుందో చూపించే స్క్రిప్టు ఒకటి చాలా సర్వర్లలో ఉంటుంది. అది కూడా ఆ షేర్‌ని తాకి అక్కడే ఉండిపోతుంది, మీకు ప్రాంప్ట్ రాదు.

ఇక్కడ చాలామంది పొరబడే చోటొకటి ఉంది. మీ ల్యాప్‌టాప్‌లో 1500 ఉంటే సర్వర్‌లో 9000 ఉన్నంత మాత్రాన ఎస్ఎస్‌హెచ్ ఆగదు. టీసీపీ కనెక్షన్ మొదట్లోనే రెండు వైపులా తమ ముక్క పరిమాణం చెప్పుకుని చిన్నదానికి ఒప్పుకుంటాయి. రెండు కొసలా పెద్దది ఉండి మధ్య దారి ఇరుకైనప్పుడే ప్యాకెట్లు మాయమవుతాయి. అందుకే మీ ల్యాప్‌టాప్ నుంచి అంతా బాగుందనిపించి, ఎన్ఎఫ్ఎస్ మాత్రం మొండికేస్తుంది. పరీక్ష తేలిక. సర్వర్ నుంచి ఎన్ఎఫ్ఎస్ పెట్టెకి, ముక్కలు చేయవద్దన్న షరతుతో 8972 బైట్ల పింగ్ పంపండి. 9000లో ఐపీ హెడర్‌కి 20, ఐసీఎంపీ హెడర్‌కి 8 తీసేస్తే వచ్చేది ఆ సంఖ్య. అది పోకుండా 1472 పోతే దారి మధ్యలో ఎక్కడో 1500 ఉందని అర్థం.

ఇరుక్కోవడం పానిక్‌గా ఎలా మారుతుందంటే, కెర్నల్‌లో ఒక కాపలా ఉంది. ఏ ప్రక్రియ అయినా డీ స్థితిలో, అంటే లేపడానికి వీల్లేని నిద్రలో, 120 సెకన్లు దాటి ఉంటే లాగ్‌లో రాస్తుంది. ఎన్ఎఫ్ఎస్ జవాబు కోసం నేరుగా ఆగిన ప్రక్రియల్ని ఈ కాపలా చాలావరకు వదిలేస్తుంది, వాటి చేతిలో ఉన్న తాళాల కోసం వెనక వరుసలో నిలబడ్డవి మాత్రం దొరికిపోతాయి. రాసి ఊరుకుంటే ప్రమాదం లేదు. కానీ "హంగ్ టాస్క్ పానిక్" అన్న సిస్‌సీటీఎల్ విలువ 1 చేసి ఉంటే కెర్నల్ అక్కడికక్కడే పానిక్ అవుతుంది. మీరు కాపీ చేసుకున్న విలువల్లో అది ఉందేమో ఇప్పుడే చూడండి. ఉంటే మీ ఎంటీయూ తప్పు, ఎన్ఎఫ్ఎస్ షేర్, పానిక్ మూడూ ఒకే దారానికి చెందినవి కావచ్చు.

అయినా నాకు అన్నిటికన్నా ఎక్కువ అనుమానం ఆ సిస్‌సీటీఎల్ విలువల మీదే. ఇలాంటి జాబితాల్లో తరచూ కనిపించే తప్పు ఒకటుంది. "టీసీపీ ఆర్‌మెమ్", "టీసీపీ డబ్ల్యూమెమ్" విలువలు బైట్లలో ఇవ్వాలి. వాటి పక్కనే ఉండే "టీసీపీ మెమ్" మాత్రం బైట్లలో కాదు, పేజీల్లో. సాధారణంగా ఒక పేజీ అంటే 4096 బైట్లు. 16 మెగాబైట్లు అనుకుని 16777216 అని అక్కడ రాస్తే కెర్నల్ దాన్ని 64 గిగాబైట్లుగా చదువుకుంటుంది. బస్తాల్లో రాయాల్సిన చోట గ్రాముల లెక్క రాసినట్టే. ఉదాహరణకి 32 గిగాబైట్ల ర్యామ్ ఉన్న సర్వర్‌లో, టీసీపీకి 64 గిగాబైట్లదాకా వాడుకునే అనుమతి ఇచ్చారన్నమాట. రాసిన వెంటనే ఏమీ జరగదు, అదే దీనిలోని చిక్కు. కనెక్షన్లు పెరిగి, బఫర్లు నిండిన రోజున మెమరీ కరిగిపోతుంది. టీసీపీ బఫర్లు కెర్నల్ మెమరీ, అవి స్వాప్‌లోకి పోవు. అప్పుడు ఓఓఎం కిల్లర్ రంగంలోకి దిగి ఎక్కువ మెమరీ తింటున్న ప్రక్రియ కోసం వెతుకుతుంది. మీ సర్వర్‌లో అది బహుశా ఏదో ఒక వర్చువల్ మెషీన్ అవుతుంది. "పానిక్ ఆన్ ఓఓఎం" కూడా ఆ జాబితాలో 1గా ఉంటే చంపడం దాకా పోదు, నేరుగా పానిక్ అవుతుంది.

ఆ "టీసీపీ మెమ్" విలువని కెర్నల్ బూట్ సమయంలో ఉన్న ర్యామ్‌ని బట్టి తనే లెక్కగట్టుకుంటుంది. దాన్ని ముట్టుకోవాల్సిన అవసరం మీకు లేదు. ఇలాంటిదే "మిన్ ఫ్రీ కేబైట్స్". ఇది కిలోబైట్లలో ఉంటుంది, మరీ ఎక్కువ పెడితే యంత్రం తక్షణం మెమరీ కొరతలో పడుతుందని కెర్నల్ పత్రంలోనే హెచ్చరిక ఉంది. చూడండి, ఒకే ఫైల్‌లో బైట్లు, పేజీలు, కిలోబైట్లు మూడు కొలతలు. ఎవరో తమ 256 గిగాబైట్ల యంత్రానికి రాసుకున్నది మీ యంత్రానికి ఎలా సరిపోతుంది? ప్రతి వరుసా దేని కోసమో చెప్పగలిగితేనే ఉంచండి. చెప్పలేనిది తీసేయండి. అలా తీసేశాక రీబూట్ చేయండి, లేకపోతే ఇప్పటికే అమల్లో ఉన్న విలువలు అలాగే ఉండిపోతాయి.

తర్వాతి అనుమానితుడు బ్రిడ్జ్. వేగం కోసం రెండు కార్డులను కలిపానన్నారు. రెండు కార్డులను ఒక్కటిగా చేసేది బాండ్. బ్రిడ్జ్ చేసేది వేరే పని, అది మీ సర్వర్‌నే ఒక స్విచ్‌గా మారుస్తుంది. రెండు కేబుళ్ళూ ఒకే కొత్త స్విచ్‌లోకి వెళుతుంటే అక్కడ ఒక వలయం తయారైంది. ఐపీ ప్యాకెట్‌కి టీటీఎల్ అని ఆయుష్షు లెక్క ఉంటుంది, ఈథర్‌నెట్ ఫ్రేమ్‌కి లేదు. ఒక బ్రాడ్‌కాస్ట్ ఫ్రేమ్ ఆ వలయంలో పడితే దాన్ని ఆపేవాళ్ళుండరు. అది తిరుగుతూ, ప్రతి వర్చువల్ మెషీన్‌కీ నకలు పంచుతూ, కొత్తవి తోడవుతూ ప్రాసెసర్ మొత్తాన్ని ప్యాకెట్లు అందుకునే పనికే బిగించేస్తుంది. ఈ గొడవ రాకూడదనే రేడియా పెర్ల్‌మన్ 1985లో స్పానింగ్ ట్రీ పద్ధతిని రూపొందించారు, మనం ఎస్‌టీపీ అనేది దాన్నే. ఐపీ కమాండ్‌తో చేతితో బ్రిడ్జ్ కట్టితే లినక్స్‌లో ఎస్‌టీపీ ఆఫ్‌లో ఉంటుంది. నెట్‌ప్లాన్, నెట్‌వర్క్ మేనేజర్ అనే సాధనాల ద్వారా కడితే ఆన్‌లో ఉంటుంది. మీరు ఎలా కట్టారన్నది ఇక్కడ ముఖ్యం.

వలయం ఉందో లేదో లాగే చెబుతుంది. తన సొంత చిరునామా మూలంగా ఉన్న ప్యాకెట్ తనకే వచ్చిందని బ్రిడ్జ్ ఫిర్యాదు చేస్తూ వరసగా రాసి ఉంటుంది. స్విచ్ లాగ్‌లో ఒకే మ్యాక్ చిరునామా ఒక పోర్టు నుంచి ఇంకో పోర్టుకి ఎగురుతున్నట్టు కనిపిస్తుంది. "సాఫ్ట్ లాకప్, సీపీయూ ఇన్ని సెకన్లుగా ఇరుక్కుంది" అన్న వరుసలు కూడా ఉండవచ్చు, మామూలు అమరికలో ఒక ప్రాసెసర్ 20 సెకన్లకు పైగా వదలకుండా కెర్నల్‌లోనే తిరుగుతుంటే ఆ ఫిర్యాదు వస్తుంది. మీకు కావలసింది బాండ్ కట్టి, దాని మీద బ్రిడ్జ్ పెట్టడం. స్విచ్‌లో ఎల్ఏసీపీ (రెండు వైపులా కలిసి కేబుళ్ళను ఒక్కటిగా చేసుకునే పద్ధతి) అమర్చగలిగితే 802.3ఏడీ మోడ్ వాడండి, లేకపోతే యాక్టివ్ బ్యాకప్ మోడ్ చాలు, దానికి స్విచ్ వైపు ఏమీ చేయనక్కర్లేదు. లింక్ పోయిందో లేదో చూసే "ఎంఐఐమాన్" విలువ 100 మిల్లీసెకన్లు పెట్టడం మరవకండి. అది సున్నాగా ఉండిపోతే కేబుల్ ఊడినా బాండ్‌కి తెలియకపోవచ్చు.

9000 ఎంటీయూ స్వయంగా పానిక్ తెచ్చే అవకాశం వీటికన్నా తక్కువ. పెద్ద ఫ్రేమ్‌కి కొన్ని డ్రైవర్లు వరుసగా ఉన్న పేజీలే అడుగుతాయి. 9000 బైట్లకు మూడు పేజీలు చాలు, కానీ కెర్నల్ రెండింతల చొప్పున పంచుతుంది కాబట్టి నాలుగు పక్కపక్క పేజీలు దొరకాలి. చాలా రోజులు నడిచిన యంత్రంలో మెమరీ ముక్కలై అవి దొరకవు, "పేజ్ అలొకేషన్ ఫెయిల్యూర్, ఆర్డర్ 2" అని లాగ్‌లో పడుతుంది. మంచి డ్రైవర్ ఆ ప్యాకెట్‌ని వదిలేసి ముందుకు పోతుంది. చెడ్డ డ్రైవర్ లేని మెమరీని ఉందనుకుని తాకుతుంది. ఆ వరుస కనిపిస్తే డ్రైవర్, కార్డు ఫర్మ్‌వేర్ కొత్తవి వేయండి.

ర్యామ్ మాట కూడా తీసిపారేయకండి, పరీక్షించి తేల్చండి. పాడైన ర్యామ్ ఏ కోడ్ కింద పడితే ఆ కోడ్ కూలుతుంది. అందుకే పానిక్ ఒకసారి ఫైల్‌సిస్టమ్‌లో, ఒకసారి ఎక్కడో సంబంధం లేని చోట వస్తుంది. సెట్టింగ్ వల్లనో డ్రైవర్ లోపం వల్లనో వచ్చేది మళ్ళీ మళ్ళీ అదే ఫంక్షన్ దగ్గర పడుతుంది. సర్వర్ ర్యామ్ సాధారణంగా తన తప్పులను తానే పట్టుకునే ఈసీసీ రకం కాబట్టి లాగ్‌లో మెషీన్ చెక్, ఈడాక్ అనే హార్డ్‌వేర్ ఫిర్యాదులు వెతకండి. ఒక రాత్రి మెమ్‌టెస్ట్ నడపండి. మీ సీనియర్‌తో కలిసి చేయండి, ఆయన అనుమానాన్ని మీరు గౌరవించినట్టూ ఉంటుంది.

ఇవన్నీ తేలాలంటే పానిక్ అక్షరాలు చేతికి రావాలి. ముందు జర్నల్, అంటే సిస్టమ్‌డీ లాగ్, డిస్క్ మీద నిలిచేలా చేయండి, /వార్/లాగ్/జర్నల్ అనే ఫోల్డర్ లేకపోతే చాలా చోట్ల రీబూట్‌తో అంతా పోతుంది. నిలిచినప్పుడు జర్నల్‌సీటీఎల్‌కి "మైనస్ బీ మైనస్ 1" ఇస్తే కిందటి బూట్ లాగ్ వస్తుంది. అయితే పానిక్ క్షణంలో కెర్నల్ డిస్క్‌కి రాయడం మానేస్తుంది కాబట్టి చివరి వరుసలు అందులో దొరకకపోవచ్చు. దానికి కేడంప్ పెట్టండి. కొంత మెమరీ ముందే పక్కన ఉంచి, పానిక్ రాగానే అందులో ఇంకో చిన్న కెర్నల్ లేచి మొత్తం మెమరీ చిత్రాన్ని, లాగ్‌తో సహా, మామూలుగా /వార్/క్రాష్‌లో దాస్తుంది. దాన్ని అమర్చాక కావాలని ఒకసారి పానిక్ తెప్పించి పరీక్షించండి, వర్చువల్ మెషీన్లు ఆపేసి. పరీక్షించని కేడంప్ అవసరమైనప్పుడు పనిచేయకపోవడం చాలా మామూలు విషయం. యంత్రానికి సీరియల్ కన్సోల్ ఉంటే ఇంకా మంచిది. నెట్‌కన్సోల్ అనే పద్ధతి లాగ్‌ని ప్యాకెట్లుగా వేరే యంత్రానికి పంపుతుంది, కానీ మనం అనుమానిస్తున్నదే ఆ నెట్‌వర్క్ కాబట్టి, బ్రిడ్జ్‌లో లేని మూడో కార్డు ఉంటేనే దాన్ని నమ్మండి.

అక్షరాలు దొరికాక పైనుంచి కిందికి చదవకండి. మొదట "నాట్ సింకింగ్" అన్న మాట పక్కన ఏముందో చూడండి, పానిక్ కారణం క్లుప్తంగా అక్కడ ఉంటుంది. తర్వాత "ఆర్ఐపీ" వరుస, కెర్నల్ ఏ ఫంక్షన్‌లో ఉండగా పడిందో చెబుతుంది. ఆ కింద కాల్ ట్రేస్‌లో చదరపు బ్రాకెట్లలో మాడ్యూల్ పేర్లు ఉంటాయి. బ్రిడ్జ్, బాండింగ్, మీ కార్డు డ్రైవర్ పేరు, ఎన్ఎఫ్ఎస్ వీటిలో ఏది ఉందో రాసుకోండి. ఒక జాగ్రత్త, పడిపోయిన చోటు ఎప్పుడూ దోషి చోటు కాదు. మెమరీని ఒకరు పాడుచేసి వెళితే తర్వాత అటుగా వచ్చినవాడు కూలుతాడు.

విండోస్ వాడే పాఠకులకూ ఈ మాట వర్తిస్తుంది. నెట్‌వర్క్ మార్పు తర్వాత నీలి తెర వచ్చి 0xడీ1 అన్న స్టాప్ కోడ్, ఎన్‌డిస్ లేదా టీసీపీఐపీ ఫైల్ పేరు కనిపిస్తే ఆ రెండు ఫైళ్ళూ విండోస్‌వే, కానీ వాటిని అక్కడికి నెట్టింది చాలాసార్లు వీపీఎన్ లేదా యాంటీవైరస్ వేసిన ఫిల్టర్ డ్రైవర్ అవుతుంది. విండోస్ ఫోల్డర్‌లోని మినీడంప్‌ని విన్‌డీబీజీ అనే సాధనంతో తెరిచి స్టాక్‌లో ఇంకెవరున్నారో చూడాలి.

మార్పులను తిరిగి పెట్టేటప్పుడు ఒక్కొక్కటే పెట్టండి, మధ్యలో కనీసం ఒక బ్యాకప్ చక్రం పూర్తి కానివ్వండి. ముందు బాండ్, దాని మీద బ్రిడ్జ్. అది నిలబడ్డాక ఎన్ఎఫ్ఎస్, 1500 ఎంటీయూతోనే. ఆ తర్వాత స్విచ్ పోర్టులన్నీ సరిచూసి 9000. సిస్‌సీటీఎల్ చివర, అదీ అవసరం కొలిచి చూపించగలిగితేనే. ఎస్ఎస్‌హెచ్‌లో కూర్చుని నెట్‌వర్క్ మార్చవద్దు, కన్సోల్ దగ్గరికి వెళ్ళండి. నెట్‌ప్లాన్‌లో "ట్రై" అన్న కమాండ్ ఉంది, 120 సెకన్లలో మీరు సరే అనకపోతే పాత సెట్టింగ్ తిరిగి తెస్తుంది. కానీ బ్రిడ్జ్, బాండ్‌లకు మీరు ప్రత్యేకంగా ఇచ్చిన పారామీటర్లను అది వెనక్కి తేలేదు, సరిగ్గా మీ విషయంలోనే అది కాపాడదు. కాబట్టి పాత సెట్టింగ్ ఫైళ్ళ నకలు పెట్టుకుని, పది నిమిషాల్లో వాటిని తిరిగి పెట్టి రీబూట్ చేసే పనిని ముందే షెడ్యూల్ చేయండి. అంతా బాగుంటే దాన్ని మీరే రద్దు చేసుకోవచ్చు.

తప్పు మీదేనా అని అడిగారు. నాలుగు మార్పులు ఒకేసారి చేయడం మీదే, ఇక ముందు అలా చేయరు. కానీ తప్పు విలువ ఇచ్చినందుకు కూలిపోయే డ్రైవర్ మీరు రాసింది కాదు. పానిక్ ఒకే ఫంక్షన్ దగ్గర పదే పదే పడుతోందని తేలి, కొత్త కెర్నల్‌లోనూ వస్తుంటే దాన్ని మీ లినక్స్ పంపిణీదారుకి ఫిర్యాదుగా పంపండి, కేడంప్ ఇచ్చిన లాగ్‌తో సహా. మేనేజర్‌కి ఈ రోజే ఒక చిన్న మెయిల్ రాయండి: ఏం మార్చారు, ఏది వెనక్కి తీసుకున్నారు, మెమ్‌టెస్ట్ ఏ రాత్రి నడుపుతున్నారు, కేడంప్ ఎప్పటికి సిద్ధమవుతుంది. దాంతో పాటు ఆ "టీసీపీ మెమ్" వరుసలో ఏముందో నాకు కూడా రాయండి. ఆ మూడు సంఖ్యలు, మీ సర్వర్ ర్యామ్ ఎంతో తెలిస్తే మిగతాది చాలావరకు అక్కడే తేలుతుందని నా అంచనా.